మొదటి పిలుపుకి పలకని నంబరు

మా తోడికోడలు కంప్యూటర్ సెక్యూరిటీ పాఠం వద్దని మొండికేసిన రోజున నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదీ ఎక్కడ? కోచింగ్ సెంటరులో, మాస్టారి ఎదుట, వెనకాల జనం నిలబడి చూస్తుండగా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు, అననీ. ఆ రోజు కోపంలో మాత్రం న్యాయం ఉంది.

నేను బట్టలు కుడతాను. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, వెనకాల వంటిల్లు. మేడ మీద భాగంలో మా మరిది, అతని భార్య ఉండేవాళ్ళు. ఆమెను నేను చిన్నదనే పిలుస్తాను. మరిది ఒక పెద్ద ఆఫీసులో నెట్‌వర్క్ చూసేవాడు. కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా తీగలు కలపడం, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇవ్వడం, ఎక్కడ తెగితే అక్కడికి పరిగెత్తడం, ఇదీ పని. చెట్టంత మనిషి. జ్వరమని పడుకున్నవాడు వారం తిరక్కుండా పోయాడు.

ఆఫీసువాళ్ళు జాలిపడి ఆ సీటు చిన్నదానికి ఇచ్చారు, ఊరికే కాదు. ఏడాదిలోపల నెట్‌వర్కింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి తోడుగా ఇంకో సబ్జెక్టు కూడా చదవాలి. "సెక్యూరిటీ అయితే సీటు నీదేనమ్మా, ఇంకేదైనా అయితే చెప్పలేను" అన్నాడు ఆఫీసరు. సీటు ఖాయం కాకపోతే తీసుకుపోతానని వాళ్ళన్నయ్య అప్పుడే మాటిచ్చేశాడు. మాటివ్వడం ఎందుకో మాకు తెలుసు. ఆ ఇంట్లో వదిన చేతికింద జీతం లేని పనిమనిషి కావాలి.

మాస్టారు మంచాయన. నేను దర్జీనని తెలిసి నాక్కూడా అర్థమయ్యేలా చెప్పారు.

"సర్టిఫికెట్ ఒక్కటే అంటే లైనింగ్ లేని కోటు లాంటిదమ్మా. లినక్స్ తోడైతే సర్వర్ల పని వస్తుంది. క్లౌడ్ అయితే ఎక్కడో దూరాన ఉన్న యంత్రాలని ఇక్కణ్ణించే నడపొచ్చు. సెక్యూరిటీ అయితే మన నెట్‌వర్క్‌లో ఎవరున్నారు, ఏ నంబరు వెనకాల ఏముంది, అంతా బయటపెట్టొచ్చు. మీకు కావాల్సింది అదే కదా, ఇంక ఆలోచనెందుకు?"

"క్లౌడ్ రాయండి మాస్టారూ," అంది చిన్నది.

"ఏమే, నీకేమైనా పిచ్చా? ఆఫీసరు నోరు విప్పి చెప్పాడు కదా!"

"నాకొద్దక్కా."

"ఎందుకొద్దు? చెప్పి చావు."

ఫారం మాస్టారి ముందుకి జరిపి క్లౌడ్ అనే రాయించుకుంది. నెలాఖరుదాకా మార్చుకోవచ్చులెమ్మని మాస్టారే సర్దిచెప్పి మమ్మల్ని పంపేశారు. దారి పొడుగునా నేను తిడుతూనే ఉన్నాను, అది వింటూనే ఉంది.

ఆ వారంలోనే ఒక రోజు చిన్నది అన్నం డబ్బా మరిచిపోయి వెళ్ళింది. అది ఇవ్వడానికి మిషను ఆపి ఆఫీసుకి వెళ్ళాను. అందరూ భోజనాలకి లేచినట్టున్నారు, హాలంతా ఖాళీ కుర్చీలే. మరిది కూర్చునే మూలలో ఇది ఒక్కతే కూర్చుని, నల్లటి తెర మీద ఏదో కొట్టి చూస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

ఉలిక్కిపడింది. తెర చూపించింది. "దీన్ని పింగ్ అంటారక్కా. ఒక నంబరు కొడితే, ఆ నంబరున్న యంత్రాన్ని ఉన్నావా అని అడుగుతుంది. ఉంటే ఉన్నానంటుంది."

"ఎవర్ని అడుగుతున్నావు?"

"మీ మరిదిని."

అతని కంప్యూటర్ నంబరట అది. చివర్లో దీని పుట్టినరోజు తేదీ వచ్చేలా తనే పెట్టుకుని, నా యంత్రం కూడా నీ పేరే జపిస్తోందని దీన్ని ఏడిపించేవాడట. అతను పోయిన నెలలోనే ఆ కంప్యూటర్‌ని విప్పి తీసుకుపోయారు. కోచింగ్‌లో పింగ్ నేర్పిన మర్నాడు ఆఫీసులో కూర్చుని, తనకి నోటికొచ్చిన నంబరు అదొక్కటే కాబట్టి అదే కొట్టింది. అది పలికింది.

"చూడు," అని కొట్టింది. సమాధానం లేదని ఒక వరుస వచ్చింది. ఆ వెంటనే ఉన్నాను, ఉన్నాను అని కిందకి వరుసలు.

"మొదటిసారి పలకదక్కా. రెండోసారి పలుకుతుంది. ఎప్పుడూ ఇంతే."

మా మరిది అలాంటివాడే. అన్నానికి రమ్మని ఒకసారి పిలిస్తే వాడికి వినపడేది కాదు. రెండోసారి గొంతు చించుకుంటేగాని మేడ మీంచి "ఆఁ" అనేవాడు కాదు. నీ చెవుల్లో ఏం పోశార్రా అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

నిజం చెప్పొద్దూ, తిట్టడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"ఇంకోసారి అడుగు."

అడిగింది. ఈసారి మొదటి పిలుపుకే పలికింది. "మెలకువొచ్చాక వెంటనే పలుకుతారు," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. సెక్యూరిటీలో మొదటి పాఠమే ఏ నంబరు వెనకాల ఏ యంత్రముందో వెతికి పట్టుకోవడం. నేర్చుకుంటే ఆ నంబరు వెనకాల ఏముందో వెతక్కుండా ఉండలేనంది.

"అక్కడ వాడు లేడని నీకు తెలీదా?"

"తెలుసు. ఎవరున్నారో తెలీదు కదా."

డబ్బా అక్కడ పెట్టి ఇంటికొచ్చాను. ఆ తర్వాత నేనూ మామూలుగా లేను. మిషను తొక్కుతుంటే మేడమెట్ల మీద చప్పుడైనట్టుండేది. ఎవరూ అని కేకేసేదాన్ని. జవాబు రాకపోతే ఊరుకోవాలి కదా, రెండోసారి కూడా కేకేసేదాన్ని. ఏమైంది నీకు అని మావారు అడిగితే కసురుకున్నాను.

నెలాఖరు దగ్గరపడింది. అప్పుడు ఆ నంబరు పలకడం మానేసింది. ఒక రోజంతా లేదు, మర్నాడూ లేదు. చిన్నది అతను పోయినప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుంది. పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు. ఆఫీసుకి వెళ్ళకపోతే ఉన్న సీటు కూడా పోతుందని నేనే లాగి, తల దువ్వి పంపాను. సాయంత్రం తిరిగొచ్చి వంటింట్లో నేల మీద కూలబడింది.

"మళ్ళీ పలికిందక్కా."

"ఇంకేం, లేచి తిను."

"ఇలా ఎన్నిసార్లు పోనివ్వను ఆయన్ని? నావల్ల కాదు."

మర్నాడు తనే వెళ్ళి మాస్టారితో క్లౌడ్ కొట్టేయించి సెక్యూరిటీ రాయించుకుంది.

ఆ పాఠం అయ్యాక ఆఫీసరుని అడిగి, మధ్యాహ్నం భోజనాల వేళ వెతకడానికి కూర్చుంది. ఒక్కదాన్నే చూడలేను, పక్కన ఉండమంది. వెళ్ళాను. ఏదో కొట్టింది. తెర మీద అక్షరాలు గబగబా కదిలి ఆగాయి. చదివి, కుర్చీలోంచి లేచి, నా చెయ్యి పట్టుకుని పై అంతస్తుకి నడిపించింది.

అది లెక్కలు రాసే గది. బీరువాకీ కిటికీకీ మధ్య ఒక ప్రింటర్. పక్క బల్ల దగ్గర గుమాస్తా అన్నం తింటున్నాడు. మేం ప్రింటు కోసం వచ్చామనుకున్నాడు.

"ఒకసారి ఇచ్చి ఊరుకుంటే రాదమ్మా. మొదటి పిలుపుకి పలకదు, దాని బుద్ధే అంత. నిద్రపోతూ ఉంటుంది, ఇంకోసారి లేపాలి. ఆ మధ్య రెండు రోజులు పాడై పడుకుని మా ప్రాణాలు తోడేసింది."

చిన్నది నవ్వింది. పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆ ప్రింటర్ మూత మీద తల ఆనించి ఏడ్చేసింది. గుమాస్తా ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బాబూ, తెలిసినవాళ్ళనుకున్నాం," అన్నాను.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా ఇంటి మనిషి యంత్రం తీసేశాక ఖాళీ అయిన నంబరు వేసుకుని ఇన్నాళ్ళూ పలికిన ఆ పెట్టెని కాలితో తన్నాలనిపించింది. కానీ చిన్నది దాని మూత మీద పడ్డ కన్నీళ్ళు కొంగుతో తుడిచింది, జాగ్రత్తగా.

రెండు పరీక్షలూ గట్టెక్కింది. సీటు ఖాయమైంది, వాళ్ళన్నయ్య వచ్చి ముఖం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ ఆఫీసులో నంబర్లు పంచేది మా చిన్నదే.

ఒక మధ్యాహ్నం అటువైపు బట్టలిచ్చి రావడానికి వెళ్ళి లోపలికి తొంగిచూశాను. అదే మూల, అదే నల్లటి తెర. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇంకా ఆ ప్రింటర్‌నే అడుగుతున్నావుటే?"

"దానికి వేరే నంబరిచ్చేశానక్కా. ఆయన నంబరు మాత్రం ఎవరికీ పోకుండా పక్కన పెట్టేశాను."

తెర మీద సమాధానం లేదు, సమాధానం లేదు అని కిందిదాకా ఒకటే మాట. భుజం మీద చెయ్యి వేశాను.

"ఎవరూ లేరని తెలిసిపోయింది కదా తల్లీ, ఇంక వదిలెయ్యి."

"ఇదివరకు ఎవరు పలికినా ఆయనే అనుకున్నాను. ఇంక ఆ మోసం లేదు," అంది, మళ్ళీ ఆ నంబరే కొడుతూ. "ఇప్పుడు పలికితే ఆయనే పలకాలి."