కర్ణాకర్ మామ బోటు ఆగదు

మా కర్ణాకర్ మామ మోటారు బోటు నీళ్ల నడుమ ఆగని రోజు లేదు. ఆగిందని మామ ఒప్పుకున్న రోజూ లేదు. ఈ రెండు సత్యాల మధ్య సిద్దిపేట చుట్టుపక్కల జనం చాలామంది ఎండలో కూర్చుని ఉన్నారు. మేనల్లుణ్ణి కాబట్టి నేను అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నాను.

"మామా, ఆగింది."

"ఆగలే. దమ్ము దీస్కుంటుంది."

"ఇంజన్ సప్పుడే లేదు గదనే!"

"నువ్వు దమ్ము దీసేటప్పుడు సప్పుడు చేస్తవారా?"

తర్వాత ఆయన ఇంజన్ మీది మూత తీస్తాడు. ఏదో ఒక సామాను ఊడదీస్తాడు. భుజం మీది తువ్వాలతో తుడుస్తాడు, వెలుతురుకు పెట్టి చూస్తాడు, వాసన కూడా చూస్తాడు, మళ్లీ తెచ్చి అక్కడే బిగిస్తాడు. ఇంజన్ అంటుకుంటుంది. తుడిచింది ఏమిటో, తుడవకపోతే ఏమయ్యేదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడిగితే చెబుతాడు. అదే భయం.

మామవాళ్లది నంగునూరు దిక్కు వ్యవసాయ కుటుంబం. సిద్దిపేటలో ఆయనకు బోరు మోటార్ల దుకాణం ఉంది. పాతాళంలోని నీళ్లను పైకి లాగి బతికిన మనిషికి నేల మీద నీళ్లు ఎట్లుంటాయో చూడాలనే కోరిక పుట్టడంలో తప్పేమీ లేదు. అయితే ఆ కోరికతో ఆయన ఒక పెళ్లికని కృష్ణ ఒడ్డు దాకా పోయి, అక్కడ ఎవరో అమ్మకానికి పెట్టిన పాత టేకు బోటును లారీ మీద వేసుకుని వచ్చాడు. అప్పటికి మా దగ్గర రిజర్వాయర్ లేదు. చెరువుల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్న కాలం.

లారీ దిగగానే ఎదురింటి బుచ్చిరాములు వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏంది కర్ణాకర్, గిది? వడ్లు పోసుకునే గుమ్మియా?"

"బోటు."

"బోటా! మరి నీళ్లేయి?"

"వస్తయ్."

"ఎప్పుడు?"

"బోటు అయితే వచ్చింది గద. ఇగ నీళ్ల వంతు."

చెక్క బోటుకు ఒక గుణం ఉంది. నీళ్లలో ఉంటే పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఎండితే విచ్చుకుంటాయి. మా ఎండలకు మనుషులే విచ్చుకుంటారు, ఇక పలకల సంగతి చెప్పేదేముంది? అందుకని మామ దాని మీద తడి గోనె సంచులు కప్పడం మొదలుపెట్టాడు. వాడకు నీళ్ల ట్యాంకర్ వస్తే మొదటి బిందె బోటుకే. రెండో బిందె కోసం మా అత్త పద్మమ్మ పోరాడేది.

"మనుషుల నెత్తిన తడిగుడ్డ లేదు, దీనికి తడి గోనెలా?"

"ఎండితే పలకలు విడిపోతయ్ పద్మా."

"మరి నేను ఎండుతలేనా?"

"నువ్వు గట్టి కట్టెవు. నీకేం గాదు."

మామ దృష్టిలో అది ప్రశంస. టేకును తప్ప ఆయన ఇంకెవరినీ అట్లా పొగిడి ఎరుగడు. అత్త మాత్రం పొద్దుగూకే దాకా మాట్లాడలేదు. మాట్లాడాక అన్న మొదటి మాట ఇది: "నీడకు పండుకునుడు, అందరితోని సేవలు చేయించుకునుడు. ఇది బోటు గాదు, దొరసాని!" మామకు ఆ పేరు అమితంగా నచ్చింది. మర్నాడే పెయింటర్‌ను పిలిపించి బోటు ముక్కు మీద ఎర్ర అక్షరాలతో 'దొరసాని' అని రాయించాడు. అత్త కోపంలో అన్న మాటలను ఇంత గౌరవంగా భద్రపరిచిన భర్తను నేను మరొకరిని చూడలేదు.

దసరాకు బండ్ల పూజలో పెద్ద శాస్త్రచర్చ నడిచింది. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించాలన్నాడు పంతులు. దొరసానికి చక్రాలు లేవు. ట్రాక్టర్ ట్రాలీ మీద ఉంది కాబట్టి ట్రాలీ చక్రాల కింద పెడదామన్నారు పెద్దలు.

"అట్లెట్ల? ఫలితం ట్రాలీకి పోదా?" అన్నాడు మామ.

పంతులు ఆలోచించి, పోతుందని ఒప్పుకున్నాడు. చివరికి వాడంతా కలిసి బోటును చేతుల మీద లేపి, నిమ్మకాయల మీద మెల్లగా దించారు. నిమ్మకాయలు నలిగాయి. బుచ్చిరాములు కాలి వేలు కూడా నలిగింది. కాబట్టి ఆ ఏడు ఫలితం కొంత ఆయనకు కూడా పోయి ఉంటుందని నా అభిప్రాయం.

తర్వాత నిజంగానే నీళ్లు వచ్చాయి. రిజర్వాయర్ నిండింది. దాని కింద కొన్ని ఊళ్లు మునిగాయి. అందులో తుమ్మలగడ్డ ఒకటి. ఆ ఊరి వాళ్లకు కుకునూరుపల్లి అవతల కాలనీ కట్టి ఇండ్లు ఇచ్చారు. దొరసాని మాత్రం ఊరేగింపుగా వెళ్లి నీళ్లలో దిగింది. తోటి మనుషులు ఏమనుకున్నా, మామ ముఖంలో ఆశ్చర్యం ఇసుమంత లేదు. ఆలస్యంగా వచ్చిన బస్సును చూసినట్టు నీళ్లను చూశాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన బోటు నడుపుతాడు. ఎవరు వచ్చినా ఎక్కించుకుంటాడు. కిరాయి తీసుకోడు. తీసుకుంటే ఫిర్యాదులు కూడా తీసుకోవలసి వస్తుందని ఆయన భయం.

నిర్వహణలో మాత్రం లోటు లేదు. ఆదివారం పొద్దున్నే పలకల సందుల్లో నూనెలో నానిన దూది కూరుతాడు, చెక్కకు వార్నిష్ పూస్తాడు, ఇంజన్ మీద చెవి ఆనించి డాక్టరులా కళ్లు మూసుకుంటాడు. ఆయన దోస్తు అజ్మత్ భాయ్ ట్రాక్టర్ మెకానిక్. ఆయన కూడా వచ్చి రెండో వైపు చెవి పెడతాడు. అట్లా ఇద్దరూ ఇంజన్‌కు చెరో దిక్కు చెవులు ఆనించి ఉంటే, లోపల ఎవరో పాట పాడుతున్నారేమో అనిపిస్తుంది చూసేవాళ్లకు.

"ఘడియారం లెక్క నడుస్తుంది భాయ్. దీనికి ఏ బీమారీ లేదు," అంటాడు అజ్మత్ భాయ్.

"మరి నీళ్ల నడుమ ఎందుకు ఆగుతుంది?" అని నేనొకసారి అడిగాను. అజ్మత్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "పురానా మాల్ సాబ్. దాని మర్జీ."

ఒకసారి వినయ్, సంహిత అనే జంట పెళ్లికి ముందు ఫొటోలు దిగుతామని వచ్చారు. ఫొటోగ్రాఫర్, అతని డ్రోను, బోటులో సగం నిండే గౌను. ఎప్పటిలాగే, నీళ్ల మధ్య తేలిన నడిగుట్ట ఇవతల, అలవాటైన చోట దొరసాని దమ్ము తీసుకుంది.

"అంకుల్, ఎంతసేపు?" అంది సంహిత.

"కార్బురేటర్‌తోని తొందర పనికిరాదు బిడ్డా. గిట్ల నీళ్ల దిక్కు చూస్కుంట కూసోండ్రి. మంచిగుంటది."

డ్రోన్ బ్యాటరీ అయిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. గత్యంతరం లేక ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. పెళ్లయింది, బాగానే ఉన్నారు. ఆ సంబంధానికి అసలు పెద్దమనిషి కార్బురేటరే అని మామ ఇప్పటికీ అంటాడు.

ఇట్లా సాగుతుండగా రిజర్వాయర్ మీదికి దేవిక అనే కొత్త ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు, తక్కువ మాటలు. నీళ్ల మీద తిరిగే పాత బోట్లన్నిటికీ పరీక్ష పెట్టింది. ఒడ్డు నుంచి నడిగుట్ట దాకా పోయి మళ్లీ ఒడ్డు చేరాలి. మధ్యలో ఎక్కడా ఆగరాదు. ఆగితే ఒడ్డెక్కాలి, మళ్లీ నీళ్లలో దిగరాదు. చెక్క బోటుకు ఒడ్డెక్కడం అంటే ఏమిటో పైన చెప్పాను. ఒక ఎండాకాలం చాలు, దొరసాని పలకల మోపు అవుతుంది.

బుచ్చిరాములు పరామర్శకు వచ్చాడు. "ఒడ్డెక్కినంక చెప్పు కర్ణాకర్. బర్లకు కుడితి తొట్టి చేస్కుంట."

అత్త లోపలి నుంచి వచ్చింది. "మా దొరసానిల కుడితి పోస్తవా? నోరు మంచిగ రానీ!" అంది. మామ నిశ్చింతగా చాయ్ తాగుతూ, "ఎందుకు పద్మా కొట్లాట? ఎన్నడన్న ఆగిందా మన బోటు?" అన్నాడు. అత్త ఆయన చేతిలోని చాయ్ గ్లాసు గుంజుకుని లోపలికి పోయింది.

పరీక్ష రోజు ఒడ్డున జాతరలా ఉంది. దేవిక, అజ్మత్ భాయ్, నేను ఎక్కాం. ఇంజన్ మొదటి లాగుకే అంటుకుంది. అంతలో తుమ్మలగడ్డ కొండవ్వ వచ్చింది. కాలనీ నుంచి బస్సులు మారి ఆమె అప్పుడప్పుడు వస్తుంది. సంగతేమిటో ఒడ్డున ఎవరో చెప్పగానే ఆమె వెనక్కి తిరిగింది.

"ఇంకో దినం వస్త తియ్, కర్ణాకరా."

"ఎందుకే అవ్వా? గింత దూరం వచ్చినంక? ఎక్కు."

"గిది ఆగొద్దంట గద బిడ్డా..."

"ఎప్పుడన్న ఆగిందా? ఎక్కు, ఎక్కు."

దేవిక జరిగి చోటిచ్చింది. దొరసాని కదిలింది. ఎంత హాయిగా పోయిందంటే, నాకు దాని మీద అనుమానం వచ్చింది. నీళ్లు రెండు పాయలుగా తెగుతున్నాయి, ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. నడిగుట్ట దగ్గరవుతోంది. కొండవ్వ తల వంచుకుని కూర్చుంది. అలవాటైన చోటు వస్తున్నకొద్దీ కొంగును ముడి వేసి విప్పుతోంది, బయటికి చూడటం లేదు.

మామ ఆమె వైపు ఒకసారి చూశాడు. గుట్ట వైపు ఒకసారి చూశాడు. ఇంజన్ ఆగిపోయింది.

అజ్మత్ భాయ్ కళ్లు మూసుకున్నాడు.

"ఆగింది," అంది దేవిక.

"ఆగలే మేడం. దమ్ము దీస్కుంటుంది," అన్నాడు మామ. మూత తీశాడు, సామాను ఊడదీశాడు, తువ్వాల తీశాడు. ఆయన తుడుస్తున్నది అప్పటికే మిలమిల మెరుస్తోంది. అప్పుడే నా చూపు కిందికి పోయింది. పెట్రోలు పైపు మీది కాక్, అదే చిన్న నల్లా, మూసేసి ఉంది. మామ కాలి బొటనవేలు ఇంకా దాని మీదే ఉంది. దేవిక కూడా చూసింది. నోరు తెరవబోయింది.

అంతలో కొండవ్వ బోటు అంచు మీద మోచేతులు ఆనించి నీళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఓ ఎల్లయ్యా! గోడ జరిపి నా జాగ మూరెడు కలుపుకుంటివి. ఇప్పుడు నీ దిక్కు గవే నీళ్లు, నా దిక్కు గవే నీళ్లు. ఏం గెలిస్తివయ్యా?" కాసేపు జవాబు కోసం ఆగినట్టు ఆగింది. "మా కోడలు మిషన్ కుట్టుడు నేర్సింది. మనుమరాలు మైత్రి పదో తరగతిల ఫస్టు వచ్చింది. చింతచెట్టూ, ఇనవడుతుందా నీకు? మా మైత్రి, నీ కొమ్మకు ఊయల గట్టుకున్న పిల్ల!"

మామ తుడుస్తూనే ఉన్నాడు.

మాటలన్నీ అయ్యాక కొండవ్వ కళ్లు తుడుచుకుని, దేవిక పక్కకు జరిగి, మామకు వినపడకుండా గొంతు తగ్గించింది. నేను మధ్యలో ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"మేడమ్మా, బోటుకేం రోగం లేదు. మొదాలొకసారి 'మా ఇంటి మీద జరంత ఆపు బిడ్డా' అని నేనే అడిగిన. బోటుల ఉన్న ఎవలో టైం అయితుందని గొణిగిన్రు. నాకు సిగ్గయి మల్ల అడగలే. అగో, అప్పటిసంది దానంతటదే ఆగుతుంది. ఎవలు ఎక్కినా ఆగుతుంది. ఎవలు మా ఊరోళ్లో ఆయనకేం ఎరుక? అడిగితె మేం ఏడుస్తమని భయం. గందుకే అందరికి ఆపుతడు."

"ఆయనకు తెలుసా, మీకు తెలుసని?"

"నాకు ఎర్కలేదనుకుంటుండు పాపం. నువ్వు చెప్పకు. సిగ్గువడ్తడు."

దేవిక నిటారుగా కూర్చుని, ఆఫీసు గొంతుతో అంది: "కర్ణాకర్ గారూ, నేను ఇంకా పరీక్ష మొదలు అనలేదు. ఇప్పటి దాకా ఊరికే వచ్చినం. ఈడికెల్లి మొదలు. గుట్ట చుట్టి ఒడ్డు దాకా."

"మీ ఇష్టం మేడం. దొరసానికి ఏడికెల్లైనా ఒక్కటే," అన్నాడు మామ ఉదారంగా.

దొరసాని గుట్ట చుట్టి, తుమ్మలగడ్డ మీదుగా, ఒడ్డుకు ఒక్క ఉరుకున వచ్చింది. దారి పొడుగునా మామ రెండు కాళ్లూ పైకి ముడుచుకుని, మఠం వేసుకుని నడిపాడు. ఆ కాలి వేలి మీద ఆయనకూ నమ్మకం లేదని నాకు అప్పుడు అర్థమైంది.

దొరసాని నీళ్లలోనే ఉంది. కొండవ్వ ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని కాలనీలో ఇంటింటికీ చెప్పింది. మరుసటి ఆదివారం తుమ్మలగడ్డ సగం ఒడ్డున నిలబడి ఉంది. బోటు నిండింది. కదిలింది. అలవాటైన చోట దమ్ము తీసుకుంది. మామ మూత తీశాడు. జనమంతా, ఏమీ ఎరగనట్టు, అటు ఇటు చూస్తూ కూర్చున్నారు.

షమ్షున్నీసా ఒక్కతే ఊరుకోలేదు. తుమ్మలగడ్డలో మసీదు గల్లీలో గాజుల దుకాణం నడిపిన మనిషి ఆమె.

"ఏంది భాయ్ గిది? ఎప్పుడు చూసినా కొండవ్వ ఇంటి మీదనే కరాబైతది నీ ఇంజను. మా గల్లీల ఎందుకు కాదు? మేమేం గున్హా చేసినం?"

"నా ఇల్లు ఊరి నడుమల ఉండె. గందుకు!" అంది కొండవ్వ.

"ఏం నడుమ? ఊరి నడుమ మా మసీదు ఉండె!"

లేని ఊరికి నడిమి భాగం ఏదన్న విషయం మీద బోటు రెండు పక్షాలుగా చీలి ఒక వైపు ఒరిగింది. మామ ఒక చేతిలో ప్లగ్గు, ఒక చేతిలో తువ్వాల పట్టుకుని అందరినీ చూశాడు. అజ్మత్ భాయ్‌ని చూశాడు, నన్ను చూశాడు. చివరికి ప్లగ్గు కింద పెట్టాడు.

"షమ్షక్కా," అన్నాడు, "వచ్చే ఐతారం మీ గల్లీల కరాబైతది. జిమ్మేదారి నాది."

షమ్షున్నీసా చీర కొంగు సర్దుకుని కూర్చుంది.

"పొద్దుగాలనే కావాలె భాయ్. ఎండ ఎక్కకముందు."