వెండి నాణెం మీద వేలిముద్ర

జనగామలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నేను రఘునాథపల్లి బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. వాచీకి బ్యాటరీ వేయించుకుందామని ఆయన కొట్టుకు వెళ్లిన రోజు, అద్దాల పెట్టె అడుగున వెండి నాణేలు కనిపించాయి. నాకూ నాణేలు పోగేసే పిచ్చి ఉందని చెప్పగానే స్టూలు ముందుకు జరిపాడు. ఆయన నాకు చాచా అయ్యాడు, నేను ఆయనకు సారునయ్యాను.

చాచా నాణేన్ని రెండు వేళ్లతో అంచులు మాత్రమే పట్టుకునేవాడు. నేనొకసారి తొందరలో బొటనవేలు ఆనిస్తే మందలించాడు. "చేతి చెమట వెండిని తింటది సారూ. ఒక్కసారి మరక పడ్డదంటే పోదు."

ఒకరోజు ఫోన్‌లో ఆయనకొక బొమ్మ చూపించాను. విదేశంలో కొన్నే ముద్రించిన వెండి నాణెం అది. దాని మీద మూత తీసిన గడియారం, లోపలి పళ్లచక్రాలు దేనికది కనిపిస్తున్నాయి. చాచా ఫోన్ తెర మీదే భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"గిది చెక్కినోడు గడియారం ఇప్పి చూసిండు సారూ. గిది నాకు కావాలె."

ఆన్‌లైన్ డీలర్ అమ్మకం మొదలుపెట్టే రోజు సెలవు పెట్టి కూర్చున్నాను. రెండుసార్లు డబ్బు కట్టేలోపే పేజీ ఆగిపోయింది. మూడోసారి ఆర్డర్ ఖాయమైందని మెసేజ్ వచ్చింది. చాచా పక్క కొట్లవాళ్లందరికీ చాయ్ తాగించాడు.

వచ్చే నెల పంపుతామన్నవాళ్లు మూడు నెలలు తిప్పారు. ఈలోగా వెండి ధర ఎగబాకింది. అప్పుడు వచ్చింది మెసేజ్: స్టాక్ లేనందున ఆర్డర్ రద్దు. ఆ సాయంత్రమే, అదే సైట్‌లో, అదే నాణెం దాదాపు రెట్టింపు ధరకు కనిపించింది. ఫోన్ చేస్తే, "అది వేరే స్టాక్ సార్" అన్నారు.

కోపం వచ్చింది. అయినా కొన్నాను. కొట్టుకు వెళ్లినప్పుడల్లా "వచ్చిందా సారూ?" అని అడిగే మనిషికి లేదని చెప్పలేక కొన్నాను. రద్దు సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

పార్సిల్ ఆయన చేతులతోనే విప్పించాలని అలాగే తీసుకెళ్లాను. చాచా నెమ్మదిగా టేపు కోశాడు, ప్లాస్టిక్ డబ్బీని వెలుగులోకి పట్టాడు. కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. డబ్బీని నా ముందుకు జరిపాడు.

పళ్లచక్రాల మీద అడ్డంగా వేలిముద్ర. డబ్బీ అంచు కూడా చిట్లి ఉంది.

"మనకంటె ముందుగాల ఎవరో తీసిండ్రు సారూ."

అక్కడినుంచే డీలర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఒకమ్మాయి ఎత్తింది.

"విప్పేటప్పుడు వీడియో తీశారా సార్?"

"లేదమ్మా. మాకు ఆ సంగతి తెల్వదు," అన్నాను.

"వీడియో లేకపోతే వాపసు తీసుకోం సార్. ఆ వేలిముద్ర మీదే అయి ఉండొచ్చు కదా?"

చాచా బల్ల మీదున్న చేతుల్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

"నా చెయ్యే అంటుండ్రా సారూ?"

నేను ఫోన్ కట్ చేశాను. నాణెం చాచా దగ్గరే వదిలి వచ్చాను. తర్వాత జరిగిందంతా వాళ్ల సైట్‌లో రాశాను, మర్నాటికల్లా తీసేశారు. కొత్త నాణేల ప్రకటనలు మాత్రం వారం వారం నా ఫోన్‌కి పంపుతూనే ఉన్నారు.

ఆ ఏడాదే చాచాకు చూపు మందగించి కొట్టు మూసేశాడు. భూపాలపల్లిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు చూసిరావడానికి వెళ్లాను. చాయ్ తాగుతూ నాణేలు ఎక్కడున్నాయని అడిగాను. కూతురే చెప్పింది.

"అన్నీ కరగవెట్టిచ్చిండు అన్నా. గడియారం బొమ్మది సుత. మా పాపకు పట్టీలు చేయిచ్చిండు. నేను వద్దన్నా ఇనలే."

నేను గ్లాసు కింద పెట్టాను. చాచా నా వైపు సరిగ్గా చూడలేక, గ్లాసు చప్పుడైన దిక్కుకు తల తిప్పాడు.

"నువ్వింక కొంటున్నవా సారూ?"

"లేదు చాచా. ఇడిసిపెట్టిన."

అది నిజమే. నాణేల మీద ఆశ మాత్రం పోలేదు. నా డబ్బుతో నేను కొన్న వస్తువుకు నన్నే దొంగను చేసి మాట్లాడితే, ఇంకోసారి ఓర్చుకునే ఓపిక నాకు లేదు.