చదివింపుల్లో వచ్చిన ఇంటర్నెట్టు

మా పెళ్లి పాకాలలో జరిగింది. భోజనాల తర్వాత చదివింపులు మొదలయ్యాయి. మైకు పట్టుకున్న పెద్దాయన ఎవరెవరు ఏమేం ఇచ్చారో వరసగా చదువుతున్నాడు. ఒకరిది మిక్సీ, ఒకరిది గోడ గడియారం, ఇంకొకరిది ఇంకో గోడ గడియారం. ఉన్నట్టుండి ఆయన గొంతు సవరించుకుని, "వరుని చిన్నాయన కొడుకు, వధూవరులకు బతికినంత కాలం ఇంటర్నెట్టు కనెక్షను చదివించడమైనది" అన్నాడు. పందిరంతా చప్పట్లు. నేను కూడా నెత్తిమీది తలంబ్రాలు రాలేటట్టు నవ్వాను. ఆ నవ్వు ఆల్బంలో ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఆ చిన్నాయన కొడుకు, అంటే నా మరిది, రేణిగుంటలో మా వీధికి కేబులూ నెట్టూ రెండూ ఇస్తాడు. మనిషి బంగారం. ఎవరింట్లో ఏ కార్యమైనా ముందు వచ్చి కూరగాయలు తరుగుతాడు. ఎవరికి జ్వరం వచ్చినా తన బండిమీదే ఆసుపత్రికి. ఇక అతను ఇచ్చే నెట్టు సంగతి వేరు. వానొస్తే పోతుంది, ఎండ ముదిరితే అలుగుతుంది, సాయంత్రమైతే అసలు ఇంటి పట్టునే ఉండదు.

నాకేమో ఆ నెట్టుమీదే బతుకు. బెంగుళూరు కంపెనీలో ఉద్యోగం. ఆసుపత్రి బిల్లులు ఎలా చూడాలో కొత్తగా చేరినవాళ్లకు వీడియోలో నేర్పిస్తాను. పెళ్లికి ముందు అక్కడే హాస్టల్లో ఉండేదాన్ని. బెల్లం వేసిన సాంబారు తిని తిని నాలుక చచ్చిపోయింది. పెళ్లయ్యాక ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. గోడౌనులో పనిచేసే మొగుడు, పొద్దున్నే కారం దోసె వేసిచ్చే అత్త, మధ్యాహ్నం నా గదిలో నా ఉద్యోగం. ఇంతకన్నా ఏం కావాలి?

పాఠం మధ్యలో నా బొమ్మ ఆగిపోవడం మొదలైంది. ఆగేది కూడా మంచి ముఖంతో ఆగదు. నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, తుమ్మబోయే మనిషిలా ఆగుతుంది. అవతల పిల్లలు ఆ బొమ్మను ఫోటో తీసి పంచుకున్నారని తర్వాత తెలిసింది. మా మేనేజరమ్మ ఓపిక పట్టింది, పట్టింది, చివరికి తేల్చి చెప్పింది. లైను బాగు చేయించుకోండి, లేదంటే ఆఫీసుకు వచ్చేయండి అని. ఆఫీసంటే మళ్లీ హాస్టలు, మళ్లీ ఆ సాంబారు, మొగుణ్ణి నెలకోసారి చూడటం. నాకు ఉద్యోగమూ ఇష్టమే, మొగుడూ ఇష్టమే. ఈ వైరు వల్ల ఆ రెండింట్లో ఒకటి వదులుకోవడమేమిటి?

నెట్టు కంపెనీ మారుద్దామన్నాను. మా ఆయన ఏదో తప్పు మాట విన్నట్టు చూశాడు.

"మైకులో సదివించినాడే వాడు! పాకాలంతా ఇన్నారే!"

మా అత్త ఇంకా మించిపోయింది. "నా పెండ్లిలో సదివించిన గిన్నె ఓటిబోయినా అటక మీద దాసి పెట్టుండాను. నువ్వు మన మనిషి ఇచ్చిన లైనే పీకేస్తావా అమ్మణ్ణీ? రేపు వాళ్ల బిడ్డ పేరంటానికి ఏ మొగం పెట్టుకోని పోవల్ల? గమ్మునుండు."

నేను గమ్మునుండలేదు. బట్టలు సర్దుకుని బెంగుళూరు బస్సెక్కుతానన్నాను. అప్పుడు ఇద్దరూ దిగొచ్చారు. ఉపాయం అత్తదే. మరిది రోజూ కాఫీకి వచ్చి హాల్లో ఉన్న తన డబ్బావైపు ఒకసారి ప్రేమగా చూసి పోతాడు కాబట్టి దాన్ని అలాగే వెలుగుతూ ఉండనిద్దాం, కొత్త కంపెనీ డబ్బాను పడకగదిలో తలుపు వెనక పెట్టుకుందాం అంది. దొంగ కాపురం ఇలాగే మొదలవుతుందేమో అనుకున్నాను. మా ఆయన ఫోనులో కొత్త కనెక్షను బుక్ చేశాడు.

బిగించే రోజున ఆయనకు గోడౌనులో ఎప్పుడూ లేని అర్జంటు పని పడింది. నేనూ అత్తా ఉన్నాం. కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే కొత్త కంపెనీ చొక్కా తొడుక్కుని, చేతిలో కొత్త డబ్బాతో మా మరిది.

"వదినా, మీరేనా? ఎవురబ్బా మన ఈదిలో కొత్త లైను అడిగింది అనుకుంటా వస్తా ఉండా!"

అత్త ఒక్క అంగలో పోయి పాత డబ్బాకు అడ్డంగా నిలబడింది. "రా నాయనా, కాఫీ తాగుదువు రా" అంది, తన వెనక ఏ డబ్బా లేనట్టు.

అతనికి కోపం రాలేదు సరికదా, పొంగిపోతున్నాడు. "ఈ కంపెనీ ఏజెన్సీ గూడా నేనే తీసుకున్నా వదినా. ఇంగ ఈ పక్కన ఎవురు ఏ కంపెనీ పెట్టించుకున్నా నేనే రావల్ల. మీరే మొదటి బోణీ."

అంటూనే పాత డబ్బాలోంచి వైరు పీకి కొత్త డబ్బాలో గుచ్చాడు.

"కొత్త వైరు లాగవా అప్పా?" అన్నాను.

"ఎందుకొదినా, ఇదే బాగుండాది గదా!"

నల్ల డబ్బా పోయి తెల్ల డబ్బా వచ్చింది. వేగం మాత్రం అదే. ఇల్లు మారితే మొగుడు మారతాడా? కొత్త డబ్బా వచ్చిన వారంలోనే పాఠం మధ్యలో మళ్లీ తుమ్మబోయే ముఖంతో ఆగిపోయాను. వచ్చే సోమవారం మీ పాఠం నేనే కూర్చుని చూస్తాను, అప్పుడూ ఆగితే ఇక చెప్పడానికేం లేదు, పెట్టె సర్దుకుని బెంగుళూరు వచ్చేయండి అంది మేనేజరమ్మ.

ఆ సాయంత్రం మరిది మామూలుగా కాఫీకి వచ్చాడు. గ్లాసు చేతికిచ్చి, అత్త కళ్లతో సైగ చేస్తున్నా ఆగకుండా అనేశాను. "నీ లైను దండగప్పా. ముందుదీ దండగే, ఇప్పుడుదీ దండగే. నీవల్ల నా ఉద్యోగం పోతా ఉండాది."

అత్త తల కొట్టుకుంది. అతను గ్లాసు కింద పెట్టాడు. పాపం, ముఖం వాడిపోయింది.

"బాగలేదా? ఒగరు గూడా అనలేదే వదినా! యాడడిగినా సూపర్ అంటారే!"

"అందురూ నీకు సుట్టాలేనప్పా. నీ మొగం మింద ఎవురంటారు?"

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. మెయిన్ రోడ్డు మీది నెట్టు పెట్టె నుంచి వీధిలోకి తెచ్చింది ఒకటే లైను. మొదట కొన్ని ఇళ్లకే ఇచ్చాడు. తర్వాత పిన్నమ్మ అడిగింది, మామ అడిగాడు, మామ ఇంట్లో అద్దెకున్నవాళ్లు అడిగారు. "లేదనేదానికి నోరు రాలేదొదినా. దాన్నే పంచుకుంటా పోయినా." లైను బాగలేదని చెప్పడానికి వీధిలో వాళ్లకు మొహమాటం, ఇంక ఇవ్వలేనని చెప్పడానికి ఇతనికి మొహమాటం. ఈ మర్యాదస్తుల మధ్య నలిగిపోయింది నేను.

మర్నాడే నిచ్చెన వేసుకుని, రోడ్డు మీది పెట్టె నుంచి మా ఇంటికి వేరే లైను లాగాడు. నెట్టు పరుగెత్తింది. "అడగందే అమ్మైనా పెట్టదు గదా" అంది మా అత్త, నన్ను గమ్మునుండమన్నది తను కానట్టు.

సోమవారం పాఠం అద్దంలా సాగింది. మేనేజరమ్మ చెవి పోగులో రాళ్లు కూడా కనిపిస్తున్నాయి. పాఠం అయ్యాక ఆమె నన్ను మెచ్చుకుంది. మెచ్చుకుని, ఇంకో సంగతి ఉందంది. వచ్చే నెల నుంచి ఇంటి దగ్గర పని ఎవరికీ లేదు, అందరూ ఆఫీసుకు రావలసిందే, పైవాళ్ల నిర్ణయం, లైను ఎలా ఉన్నా సరే అంది. ఒక్క అక్షరం తెగలేదు. పాత లైనైతే "హలో, వినపడటం లేదు" అని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు ఆ దారి కూడా లేదు. మరిదిని తిట్టినట్టు ఈమెనూ తిట్టాలనిపించింది. "నేను రాలేను మేడం" అని మాత్రం అన్నాను.

ఆమె బొమ్మ కదల్లేదు. లైను ఆగిందేమోనని ఆశపడ్డాను. ఆమె వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆలోచించుకోమంది. ఆలోచించాను, మొగుణ్ణి వదిలి పోబుద్ధి కాలేదు. నెలాఖరుకు ఉద్యోగం పోయింది.

మర్నాడు మరిది కాఫీకి వచ్చాడు. ఉద్యోగం సంగతి అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆ తిట్ల తర్వాత నిజం చెప్పేదాన్ని నేనొక్కదాన్నేనని అతనికి నమ్మకం కుదిరింది. కొంచెం భయపడుతూనే అడిగాడు. "ఇప్పుడెట్లుండాది వదినా లైను?"

"బెమ్మాండంగా ఉండాదప్పా" అన్నాను. నిజమే చెప్పాను. అతను పొంగిపోయి ఇంకో అర గ్లాసు కాఫీ అడిగాడు. తెస్తానని వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, వెక్కి వెక్కి ఏడ్చాను.