వాల్‌నట్ కట్టెతో మూడు గిర్రల బండి

పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు గిర్రల బండిని మా ఊరి వడ్రంగులం టేకుతోనో వేపతోనో చేస్తాం. నేను నా బిడ్డకు బ్లాక్ వాల్‌నట్‌తో చేశాను. ఖతర్‌లో, పెద్ద పెద్ద విల్లాలకు తలుపులు చేసే షాపులో, డ్యూటీ అయ్యాక. ఇప్పుడు ఇంకో కంపెనీలో పొద్దస్తమానం మెషీన్ మీద అట్టలాంటి పలకలు కోస్తున్నాను. వాటికి వాసనా లేదు, పాడూ లేదు.

అబ్బ, ఏం కట్టె అది! అమెరికా నుంచి వచ్చేది. చేవ చాక్లెట్ రంగు, బెరడు పక్కన మాత్రం తెల్లటి చార. టేకు ఊరికే ఉలిని మొద్దుబారుస్తుంది. దీని మీద చిత్రిక పట్టే రంద తోస్తే ఉల్లిపొరల్లాంటి పొట్టు రాలేది. బాగా ఆరిన పలక ఇక్కడి ఎండకీ ఏసీకీ పెద్దగా వంగదు. ఒక్కటే విడ్డూరం, టేకేమో పాతబడేకొద్దీ ముదురుతుంది, ఇది వెలుగు తగిలేకొద్దీ రంగు తేలిపోతుంది.

తెల్ల చారున్న ముక్కలను విల్లావాళ్ళు ఒప్పుకోరు. ఫోర్‌మన్‌ను అడిగితే "లేజా భాయ్, యల్లా" అని, పట్టుకుపొమ్మని చెయ్యూపాడు. మేకులు లేకుండా, విప్పితే సూట్‌కేసులో పట్టేలా అతుకులు కోశాను. నా ఆరాటమంతా ఒకటే. అప్పటికి గోడ పట్టుకుని నిలబడుతున్న బిడ్డ సొంతంగా నడవకముందే ఆ బండి ఇల్లు చేరాలి, నేనే పట్టించి నడిపించాలి. అది పుట్టినప్పుడు నేను లేను, పాకినప్పుడూ లేను. ఇదన్నా నాకు దక్కాలనుకున్నాను.

ఫోన్లో చూపిస్తే నా భార్య మూతి తిప్పింది. ఆమెకు గల్ఫంతా దుబాయే.

"గిదేం దుబాయ్ కట్టె? గింత నల్లగున్నది! ఎర్ర రంగన్న ఎయ్యరాదు?"

"నూనె పట్టించినంక సూడు. దీనికి రంగేస్తరానే ఎవలన్న!" అన్నాను. పడీ పడీ నవ్వింది.

ఇంతలో కంపెనీకి అర్జెంటు పని పడి నా లీవు వెనక్కి పోయింది. ఒళ్ళు మండిపోయింది. మేముండే క్యాంప్‌లో ఎవరు పలకరించినా కస్సుమన్నాను.

ఒక శుక్రవారం అల్ వక్రాలో సముద్రం ఒడ్డున కూర్చుని వీడియో కాల్ చేశాను. నా భార్య ఫోన్‌ను మంచం కోడుకు ఆనించింది. నా గొంతు వినగానే బిడ్డ గోడ వదిలేసింది. తప్పటడుగులు వేస్తూ, తూలుతూ వచ్చి ఫోన్ మీద పడింది.

"అరే, నడిచిందే!" అని అరిచాను. సంతోషమే. కాని దాని వెనకే ఏడుపొచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"ఇగ బండెందుకే? ఈడనే ఎవలకన్న ఇచ్చేస్త" అన్నాను.

నా భార్య బిడ్డను చంకనేసుకుని నావైపు చూసింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? గది ఫోన్ దిక్కు నడిచింది. నీ దిక్కు ఇంకా నడువలే. బండి పట్టుకొని రా."