బోర్లించిన ఫ్రిజ్

దయ్యాలున్నాయని వాదించి నన్ను గెలిచినవాళ్లు ఇంతవరకు లేరు. బి.ఏ. చదివినదాన్ని, పైగా నోరున్నదాన్ని. ఇది విన్నాక "అయితే ఒప్పుకున్నట్టేగా" అనకండి. ఒప్పుకోలేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

అరవైల మొదట్లో మేం కట్టంగూర్‌లో ఉండేవాళ్లం. నేను బడిలో టీచర్ని. మా వారికి చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఆ మందు వేడికి పాడైపోతుంది. ఇంట్లో కరెంటు లేదు. అందుకని కిరోసిన్ దీపంతో నడిచే పాత ఫ్రిజ్ ఒకటి కొన్నాం. కింద మంట, పైన మంచు. దాన్ని బండి మీంచి దింపడానికి నలుగురు మగవాళ్లు కావలసివచ్చారు.

మా అత్తకు అది గిట్టలేదు. "మంట బెడితె సల్లగైతదా? ఎవ్వలకు జెప్తవు పిల్లా!" అనేది. ఆమె లెక్కలో చల్లగా ఉండాల్సిందేదైనా నీళ్లకుండ కింద తడి ఇసుకలోనే ఉండాలి. ఖాళీ గిన్నె నోరు తెరుచుకుని కనపడితే ఇక నా పని అయినట్టే. "దానితోని పనైపాయె గద, బోర్లియ్యరాదు?" ఆమె పోయేదాకా ఈ రెండింటి మీదే మా పోట్లాట.

ఆమె పోయిన మరుసటి ఎండాకాలం ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం మానేసింది. వత్తి కత్తిరించాను. పొగగొట్టంలో మసి దులిపాను. కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి మట్టంగా నిలబెట్టాను. మంట నిండుగా ఉంది, లోపల మాత్రం గోరువెచ్చన. కొత్త మందు హైదరాబాద్ నుంచి రావాలి. ఉన్న సీసాలు చెడితే ఆయన గతేమిటి?

ఆ ఉదయం ఆయన మెకానిక్ కోసం నల్లగొండ బస్సెక్కారు. నేను ఇంటికి తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవీ కొంగుకు ముడేసుకుని బడికి వెళ్లాను.

మధ్యాహ్నం వచ్చి వేసిన తాళం తీసి చూస్తే ఫ్రిజ్ తలకిందులుగా ఉంది. పడిపోలేదు, బోర్లించి ఉంది. దీపం ఆర్పి, కిరోసిన్ డబ్బా పక్కన తీసిపెట్టి ఉంది. నేల మీద ఒక్క చుక్క లేదు. ఇన్సులిన్ సీసాలు కుండ కింద తడి ఇసుకలో మెడదాకా దిగి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

సాయంత్రం మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చిన మా వారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏందే గిది? ఎవ్వలు బోర్లిచ్చిండ్రు?"

"నేనే, ఒంటి చేత్తోని," అన్నాను. ఆయన నవ్వలేదు.

మెకానిక్ మాత్రం, "మంచిగ జేసిండ్రమ్మా. గొట్టాలల్ల గ్యాసు ఆగిపోతె మేంగూడ గిట్లనే బోర్లిస్తం. ఎంతమందిని పిలిపిచ్చిండ్రు?" అన్నాడు.

మర్నాడు నిలబెట్టి వెలిగిస్తే మళ్లీ మంచు కట్టింది. ఆ సీసాల్లో మందూ పనిచేసింది.

దొంగలంటారా, గరిటె కూడా పోలేదు. కిటికీలకు ఇనుప చువ్వలు. నలుగురి బరువు ఎవరు ఎత్తారో, లోపలికెలా వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. మా వారు "అమ్మ" అని ఒక్కసారే అన్నారు. ఆయనతో వాదించకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

దయ్యాలు లేవు. కాని ఆ రోజు నుంచి మా వంటింట్లో ఖాళీ గిన్నె ఏదీ నోరు తెరుచుకుని ఉండలేదు.