బావకు వేసిన పరుపు

మా అక్క భర్తకు గొర్లున్నాయి. చేపల మీద మోజుతో ఒక ఫైబర్ పడవ కొన్నాడు. మోజు ఏడాదిలో తీరింది. నందికొండ జలాశయంలో చేపలు పట్టి బతుకుదామనుకుంటున్న నాకు దాన్ని అమ్మేశాడు. "బామ్మర్దీ, గిది సుక్క నీళ్లు తాగదు. ఫికర్ జెయ్యకు" అన్నాడు. డిగ్రీ చదివినవాణ్ణి కనుక నమ్మాను.

నీళ్లలోకి దింపితే పడవ నిండు చూలాలిలా కదిలింది. మూడో రోజు వల లాగుతుంటే అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. నాకు ఈత కొద్దిగా వచ్చు. ఆ కొద్దీ ఆ రోజే ఖర్చయిపోయింది.

ఎలాగో ఒడ్డుకు చేర్చి అడుగుపలక కోశాను. దాని కింద పసుపురంగు ఫోమ్ ఉంటుంది. పడవ నిండినా మునగకుండా చూడటం దాని ఉద్యోగం. పిడికెడు తీసి పిండితే గ్లాసెడు నీళ్లొచ్చాయి, వాటితో గొర్రె పెంటికలూ వచ్చాయి.

అక్కకు ఫోన్ చేశాను.

"ఎండకాలం మీ బావ దాన్ని ఒడ్డుకేసి గొర్లకు నీళ్లతొట్టి జేసిండు గదరా. నీకు జెప్పలేదా?" అంది.

పడవలో కూర్చునే బల్ల బిగించడానికి ఆయన అడుగుపలకకు కొట్టిన రంధ్రాల్లోంచి ఫోమ్ కూడా గొర్లతో పాటు వేసవంతా తాగిందన్నమాట.

బావతో తగవు మా ఇంట్లో కుదరదు. అల్లుడొస్తే ముందుగదిలో మంచం వాల్చి పరుపు వేయాలి. అది అమ్మ చట్టం. నేను చట్టాన్ని గౌరవించాను. పడవ వెనక సగంలో తవ్విన ఫోమ్‌ను వారం రోజులు ఎండబెట్టాను. పైన ఆరింది, లోపల ఆరలేదు. దాన్ని గలేబులో పేర్చి, కుట్టి, జంపఖానా పరిచాను.

ఆదివారం బావ తెల్లబట్టల్లో అక్కతో కలిసి వచ్చాడు. యాటకూర తిని ఒరిగాడు.

"కొత్త పరుపా? మంచిగున్నది."

"నీ కోసమే బావా."

కాసేపటికి లేచి కూర్చున్నాడు. "గిదేందిరా, కింద తడితడి అయితాంది?"

"ఏమో బావా. సుక్క నీళ్లు తాగదని అమ్మినాయన జెప్పిండు."

ఆయన పరుపును వాసన చూశాడు. సొంత గొర్ల వాసన ఎవరికైనా తెలుస్తుంది. గుమ్మంలో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకెంతున్నది లోపల?" అన్నాడు చివరికి.

"ముందు సగం మొత్తం. పార పడవలనే ఉన్నది."

పడవ దగ్గరికి వెళ్లి పొద్దుగూకే దాకా ఆ తెల్లబట్టల్లోనే తవ్వాడు. నేను ఒడ్డున కుర్చీ వేసుకుని టీ తాగాను. మధ్యలో ఒకసారి సాయం చేద్దామనిపించింది. ఆ ఆలోచన పోయేదాకా ఇంకో టీ తాగాను.