బారెడు దూరంలో నూరువరహాలు

మా అమ్మ నన్ను ఏదీ అడగదు. అడగకుండానే చేయించుకునే విద్య ఆవిడకి బాగా వచ్చు. అందుకే ఆ రోజు వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "అది వచ్చినప్పుడు ఒక్క ఫొటో తియ్యవే" అన్నప్పుడు నాకు ఆశ్చర్యమేసింది.

అది అంటే సీతాకోకచిలుక. ఈ దీవిలో మా హాడో క్వార్టర్ వెనక, కొండవాలు జారిపోకుండా కట్టిన రాతిగోడ ఉంది. గోడ పైఅంచు మా పెరటి మట్టానికి ఉంటుంది, దిగువన వాననీటి కాలవ, కాలవ గట్టున అమ్మ నాటిన నూరువరహాల పూలపొద. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన ఏడాది, రేవుకి అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో మా అత్త పెరట్లో కొమ్మ విరిచి, తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఫెర్రీలో తెచ్చి అక్కడ గుచ్చిందట. ఇప్పుడది మనిషిని దాటిపోయింది. పొద్దున్నే ఎండ గోడ దిగి పూల మీద పడేసరికి ఆ సీతాకోకచిలుక హాజరు. అరచెయ్యంత ఉంటుంది. పై రెక్కలు నలుపు, కింది రెక్కలు నిండు పసుపు. ఏ పువ్వు మీదా కుదురుగా కూర్చోదు. రెక్కలాడిస్తూనే ఈ గుత్తి రుచి చూసి, ఆ గుత్తి రుచి చూసి, ఏదీ నచ్చనట్టు వెళ్ళిపోతుంది. అందుకని అమ్మ దానికి ఆడపడుచు అని పేరు పెట్టింది. "మీ అత్త వచ్చీసింది, సూడు" అని నన్ను పిలిచేది. హోప్ టౌన్ అత్త నాన్నకి స్వయానా అక్క. నాన్న పేపరు వెనక నుంచి, "నాకు వినబడతంది" అనేవాడు.

నాన్న హాడో వార్ఫ్‌లో, ఓడలు ఆగే రేవులో, పని చేసేవాడు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. డైరీ ఫార్మ్ అనే పేటలో మేడ మీద ఒక వాటా మాట్లాడుకున్నాం. అక్కడ మట్టి అంటే కుండీల్లో ఉన్నదే. పొదని తవ్వి తీసుకెళ్దామా అంటే వేళ్ళు గోడ రాళ్ళ సందుల్లోకి దిగిపోయాయి. తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని ఉంచుతారో నరికేస్తారో తెలీదు. అమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు, ఆ ఫొటో మాత్రం అడిగింది. ఆ ఫొటో తియ్యకుండా ఆ ఇంటి తాళం ఇవ్వకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

కెమెరా ఉంది. నేను పనిచేసే టికెట్ల ఆఫీసులో ఒక దీదీ మెయిన్‌లాండ్‌కి బదిలీ అయి వెళ్తూ తన పాతది నాకు తక్కువకే ఇచ్చింది. దాంతో వచ్చిన లెన్సు పెట్టి గోడ మీంచి తీశాను. పొద బాగానే పడింది. సీతాకోకచిలుక పోపులో ఆవగింజలా కనబడింది. అమ్మ కళ్ళు చికిలించి, తల అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఎక్కడుందే?" అంది. నాకు ఒళ్ళు మండింది. అమ్మ మీద కాదు, లెన్సు మీద.

అలా మొదలైంది నా వెతుకులాట. తనంతట తనే ఫోకస్ చేసుకునే కొత్త టెలిఫొటో లెన్సుల ధరలు చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఇక మిగిలినవి ఫిల్ము కెమెరాల కాలం నాటి పాత లెన్సులు. ఇనుములా గట్టి ఒళ్ళు, నడుం చుట్టూ ఒక రింగు, ఫోకస్ ఆ రింగుని చేత్తో తిప్పుకుని మనమే చూసుకోవాలి. మధ్యలో అడాప్టర్ అనే ఒక బిళ్ళ తగిలిస్తే ఇప్పటి కెమెరాకీ పట్టుకుంటాయి. చవగ్గా దొరుకుతాయి. పైగా పూలకీ పురుగులకీ చేత్తో తిప్పుకోవడమే మేలని చాలామంది రాశారు. ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆకు మీద ఫోకస్ చెయ్యాలో రెక్క మీద చెయ్యాలో మిషనుకేం తెలుసు, నాకు తెలుసు.

కానీ ఎన్ని మిల్లీమీటర్లది కొనాలి? నేను మూడు వందలదే కావాలని భీష్మించుకున్నాను. ఎంత పెద్దదైతే అంత పెద్దగా కనబడుతుంది కదా అని నా తెలివి. రెండు రోజులు చదివాక తెలిసింది, ప్రతి లెన్సుకీ ఒక దగ్గరి హద్దు ఉంటుందని. అంతకన్నా దగ్గరగా ఉన్నది దానికి మసకే. ఆ మూడు వందలదానికి గోడ దగ్గర నిలబడితే చాలదు, వెనక్కి వెళ్ళి మా వంటింట్లో నిలబడాలి. అక్కడి నుంచి గోడే తప్ప పొద కనబడదు. పోనీ చిన్న లెన్సు తీసుకుని దగ్గరకే వెళ్దామంటే కాలవలోకి దిగాలి. రోజూ ఎరువూ, బియ్యం కడిగిన నీళ్ళూ పోసే అమ్మ దిగితే తప్ప, ఎవరు దిగినా ఆడపడుచు అలిగి ఎగిరిపోతుంది.

నేను ఫోన్లో లెక్కలు గట్టిగా చదువుకోవడం నాన్న విన్నాడు.

"ఎంత దూరమో కొలవకుండా ఏటే ఈ లెక్కలు?" అన్నాడు.

వార్ఫ్‌లో చేరకముందు నాన్న హోప్ టౌన్‌లో తాతతో కలిసి చేపల వేటకి వెళ్ళినవాడు. లోపలికి వెళ్ళి చేతిగాలం తాడు తెచ్చాడు. గోడ మీద మోకాళ్ళు మోపి కూర్చుని, చివర సీసపు గుండు అన్నిటికన్నా పై గుత్తికి తగిలేదాకా తాడు వదిలాడు. తాడుని వేళ్ళతో నొక్కిపట్టి పైకి లాగి, రెండు చేతులూ బార్లా చాపాడు. తాడు ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొసకి సరిపోయింది.

"బారెడు. ఏక్‌దమ్ బారెడు."

నేను ఆయన్ని అలాగే నిలబెట్టి అమ్మ కుట్టుమిషను టేపుతో ఆ చేతులు కొలిచాను. నూట ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల లెన్సుల దగ్గరి హద్దు నాన్న బారకి జానెడు తక్కువ. అంటే గోడ మీంచి పువ్వు దాకా దూరం దానికి హాయిగా సరిపోతుంది, బరువూ తక్కువ. లోకమంతా మీటర్లలో చర్చించుకున్న విషయం మా ఇంట్లో ఒక గాలం తాడుతో తేలిపోయింది. ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అమ్మ కూడా ఆ రోజు ఎండు నెత్తళ్ళ చేపలు వేయించింది.

ఆన్‌లైన్లో కొందామంటే అమ్మేవాళ్ళలో సగం మంది దీవులకైతే పంపలేం అన్నారు. మిగతావాళ్ళు చెప్పిన రోజుకి మేం డైరీ ఫార్మ్‌లో ఉంటాం. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, విశాఖపట్నానికీ ఇక్కడికీ తిరిగే ఓడలో వంట చేస్తాడు. విశాఖపట్నంలో ఒక పాత స్టూడియో వాళ్ళ దగ్గర సరిగ్గా అలాంటిదే ఉందని తెలిసి, మావయ్యకి ఫోన్ చేసి పది జాగ్రత్తలు చెప్పాను. ముఖ్యంగా తేమ. తేమ తగిలితే అద్దం లోపల బూజు పడుతుంది, మన దీవుల్లో లెన్సులు చచ్చేది దాంతోనే అని భయపెట్టాను.

ఓడ వచ్చిన రోజు మావయ్య ఒక పెద్ద డబ్బా చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. మూత తీస్తే నిండా బియ్యం.

"ఓడలో ఉప్పుగాలి కదేటే కోడలా. నువ్వు తేమ తేమ అంటే బియ్యంలో పాతీసేను. టెన్షన్ మత్ లే, బెంగెట్టుకోకు."

మాకు అందులో వింతేమీ కనబడలేదు. ఫోన్ నీళ్ళలో పడితే బియ్యం, వాచీ తడిస్తే బియ్యం, ఈ దీవుల్లో ఏ ఇంట్లోనైనా ముందు బియ్యం డబ్బానే వెతుకుతారు. నేను మావయ్యని మెచ్చుకున్నాను కూడా. ఆయన ఇంకా ఉప్పొంగిపోయి, "నీకు దగ్గరివే కదా కావాలి, అందుకని దగ్గరకే తిప్పి పెట్టేను" అన్నాడు.

దగ్గరకి తిప్పితే ఆ పాత లెన్సు మెడ బయటికి సాగుతుంది. సాగిన మెడ చుట్టూ ఉన్న సందులోకి ఓడ ఊగిన ప్రతిసారీ నూకా తవుడూ దిగినట్టున్నాయి. నేను లెన్సు పైకి తీసి, ఊది, తుడిచి, రింగు తిప్పబోతే కరకరమని ఒక్క చప్పుడు చేసి బిగుసుకుపోయింది. అటు కదలదు, ఇటు కదలదు. అద్దం మాత్రం కడిగిన ముత్యంలా ఉంది, బూజు ఛాయే లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు తెరిచాను కూడా. మావయ్య ఆ బియ్యం డబ్బా అలాగే పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. అమ్మ ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుని, "ఈ బియ్యం మనం తినకూడదు, ఎదురింటి కోళ్ళకి ఏద్దాం" అంది, అంత గంభీరంగా. నాకు నవ్వొచ్చేసింది. నేను నవ్వానని మావయ్య నవ్వాడు. ఇంక తిట్టడానికి వీల్లేకుండా పోయింది.

బలవంతంగా తిప్పితే లోపలి మరలు చెడిపోతాయి. విప్పి శుభ్రం చేసే మనిషిని వెతికే సమయం లేదు, సామాను సగం కట్టేశాం. మర్నాడు పొద్దున్న, ఏదైతే అదవుతుందని, ఆ తిరగని లెన్సుతోనే గోడ మీద మోకాళ్ళేసి కూర్చున్నాను. అది ఒక్క దూరంలోనే చూస్తుంది. ఆ దూరంలో ఉన్నది వెంట్రుకతో సహా కనబడుతుంది, కొంచెం ముందున్నా వెనకున్నా అంతా మసక. రింగు తిరగకపోతే మనిషే కదలాలి. మెల్లగా ముందుకి వంగి, వెనక్కి వచ్చి, మళ్ళీ వంగాను. చిన్నప్పటి నుంచీ చిన్న పడవల్లో నిలబడి అలవాటైన ఒళ్ళు కదా, నడుం దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. గోడ పగుల్లో మొలిచిన ఒక గడ్డిపువ్వు మసకలోంచి తేలి వచ్చి, దాని మీద నడుస్తున్న చీమ కాళ్ళతో సహా కనబడి, మళ్ళీ మసకలోకి వెళ్ళింది. నేను ఊగితే లోకం ఫోకస్‌లోకి వస్తోంది. అంత ఆనందం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

నూరువరహాలు మాత్రం అందలేదు. కావాలనుకున్నది బారెడు, లెన్సు బిగుసుకున్నది బారకి జానెడు తక్కువలో. ఆ జానెడూ నేనే ముందుకి వంగాలి. నాన్న వెనక నుంచి నా చున్నీ నా నడుముకే చుట్టి రెండు చేతులా పట్టుకున్నాడు.

"పడితే ముందు కెమెరా పైకి అందియ్యి," అన్నాడు.

ఎంత వంగినా ఇంకా నాలుగు వేళ్ళ దూరం. ఇంతలో ఎండ పూల మీదకి దిగింది. పసుపు రెక్కలు కాలవ మలుపు దగ్గర కనబడ్డాయి. "అమ్మా, వచ్చింది, అందటం లేదు" అన్నాను ఏడుపు గొంతుతో.

అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పక్క మెట్ల మీంచి కాలవలోకి దిగింది. పొదలోకి దూరి, చెయ్యెత్తి, అన్నిటికన్నా పొడుగాటి కొమ్మని పట్టుకుని గోడ వైపు వంచడం మొదలుపెట్టింది.

"సాలా?"

"ఇంకా."

"ఇప్పుడో?"

"ఇంకొంచెం. ఆఁ, ఆపు."

సీతాకోకచిలుక ఒక చుట్టు తిరిగింది. అమ్మ తల మీంచి వెళ్ళింది. అమ్మ కదల్లేదు, కొమ్మ కదల్లేదు. వంటింటి కిటికీలో టీ గ్లాసుతో నిలబడ్డ మావయ్య కూడా కదల్లేదు. అది వచ్చి, ఎప్పుడూ చెయ్యని పని చేసింది. అమ్మ పట్టుకున్న కొమ్మ మీద గుత్తికి కాళ్ళు ఆనించి, కింది రెక్కలు పూర్తిగా విప్పింది. నేను ఊగాను. ఊగుతూనే నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. నాన్న చున్నీ వదల్లేదు.

చాలావరకు మసక. ఒక్కటి మాత్రం కుదిరింది. పువ్వులోకి దిగిన తొండం, రెక్కల మీద పసుపు పొడి, అన్నీ ఉన్నాయి. తీస్తున్నప్పుడు నేను చూడనిది కూడా ఒకటి ఉంది. గుత్తికి కాస్త కింద అమ్మ వేళ్ళు. గాజు సగం, గోళ్ళల్లో నల్లటి మట్టి. మా అమ్మ ఎప్పుడూ ఫొటోకి నిలబడదు, కెమెరా చూస్తే పక్క గదిలోకి వెళ్ళిపోతుంది.

అమ్మ చాలాసేపు చూసింది. చివరికి, "ముందే సెప్తే చేతులు కడుక్కుని వద్దును కదే" అంది.

డైరీ ఫార్మ్ ఇంట్లో ఆ ఫొటో వంటింటి కిటికీ పక్కన తగిలించాం. లెన్సు రింగు తర్వాత ఒక భయ్యా దగ్గర బాగు చేయించాను, ఇప్పుడు వెన్నలా తిరుగుతుంది. కొత్త ఇల్లు చూడ్డానికి ఫెర్రీ దాటి అత్త వచ్చింది. ఆవిడ ఎక్కడా కుదురుగా కూర్చోదు. ఈ గది చూసి, ఆ గది చూసి, అమ్మ పెట్టిన జంతిక సగం కొరికి, ఉప్పెక్కువైందని చెప్పి, ఫొటో ముందు ఆగింది. "ఈ పురుగు ఎంత బాగుంది, మరదలా" అంది. అమ్మ నా వైపు చూడకుండా, "బాగుంటాది వదినా, కానీ కుదురుండదు" అంది. నాన్న పేపరు పైకెత్తుకున్నాడు.

అత్త వెళ్ళిపోయాక కప్పులు తీద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. ఖాళీ కుండీలో తడిగుడ్డ చుట్టిన ఒక కొమ్మ నిలబెట్టి ఉంది. నూరువరహాలు. అత్తే హోప్ టౌన్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చినట్టుంది, ఆ సంగతి మాతో ఒక్క మాట అనలేదు.

అమ్మ వచ్చి, గుడ్డ విప్పి, కొమ్మ చుట్టూ మట్టి నొక్కుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది:

"ఈసారి వచ్చినప్పుడు మీ అత్తకి ఒక ఫొటో తియ్యవే."

మా అమ్మ నన్ను అడిగింది ఇప్పటికి ఆ రెండు ఫొటోలే.